పెదవులు ఒకరివి, బిల్లు మరొకరిది

‘ప’, ‘బ’, ‘మ’. వీటిలో ఏది పలకాలన్నా రెండు పెదవులూ ఒక్క క్షణం కలిసి తీరాలి. అద్దం ముందు నిలబడి ‘పెట్టుబడి’ అనండి. రెండుసార్లు పెదవులు మూతపడతాయి. ‘లాభం’ అంటే మరో రెండుసార్లు. పెదవులు కలపకుండా ఈ మాటలు స్పష్టంగా పలకగలిగిన మనిషి లేడు. కానీ నకిలీ వీడియోలో కంప్యూటర్ గీసిన నోటికి ఈ నియమం తెలియదు. ‘లాభం’ అని గొంతు వినిపిస్తున్నా ఒక్కోసారి తెర మీద పెదవుల మధ్య సన్నటి సందు మిగిలిపోతుంది.

2020లో బర్కిలీ, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఈ చిన్న సందునే ఆధారంగా తీసుకుని ఇలాంటి నకిలీ వీడియోలను, అంటే డీప్‌ఫేక్‌లను, పట్టే పద్ధతిని ప్రకటించారు. వారిలో డిజిటల్ ఫోరెన్సిక్స్‌లో పేరున్న హానీ ఫరీద్ ఒకరు. పెదవులు కలవాల్సిన శబ్దం దగ్గర కలిశాయా లేదా అని ఫ్రేము ఫ్రేముకూ చూడడమే ఆ పద్ధతి.

అదే ఏడాది గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ నుంచి మరో పరిశోధన పత్రం వచ్చింది. ప్రొఫెసర్ సి.వి. జవహర్ బృందం తయారుచేసిన ఆ ప్రోగ్రాం పేరు వేవ్‌టులిప్. ఏ వీడియోనైనా, ఏ గొంతునైనా ఇస్తే ఆ గొంతుకు తగ్గట్టు పెదవులను కదిలించడం దాని పని. ఇంగ్లిష్ పాఠాన్ని తెలుగులోకో హిందీలోకో డబ్బింగ్ చేసినప్పుడు మాటకూ నోటికీ పొంతన కుదరాలన్నది ఉద్దేశం. మంచి ఉద్దేశమే. ఈ ప్రోగ్రాంతో చేసిన వీడియో కృత్రిమమని చూసేవారికి స్పష్టంగా తెలియాలని ఆ పరిశోధకులు షరతు కూడా పెట్టారు. ప్రోగ్రాంను పరిశోధన అవసరాల కోసం అందరికీ ఉచితంగా ఇచ్చారు.

ఒకే ఏడాది, అవే పెదవుల మీద రెండు పరిశోధనలు. ఒకటి అబద్ధాన్ని పట్టడానికి, మరొకటి పెదవిని అతికినట్టు కదిలించడానికి. ఈ పోటీలో ఎవరు గెలుస్తారని చాలామంది అడుగుతుంటారు. సోషల్ మీడియాలో డీప్‌ఫేక్ మోసపు ప్రకటనల సంగతికొస్తే అసలు ఆ పోటీ మీదే చూపు నిలపడం పొరపాటు. ఎందుకో అర్థం కావాలంటే ముందు ఆ ప్రకటన ఎలా తయారవుతుందో చూడాలి.

అసలు మనిషి, నకిలీ నోరు

ఈ ప్రకటనల్లో ఎక్కువ భాగం ఒకే మూసలో ఉంటాయి. మొదట టీవీ స్టూడియో, కింద స్క్రోలింగ్, ఒక యాంకర్. ఆ వెంటనే కేంద్ర మంత్రో, పెద్ద పారిశ్రామికవేత్తో, క్రికెటరో మాట్లాడుతున్న దృశ్యం. ప్రభుత్వ అనుమతి ఉన్న కొత్త పెట్టుబడి వేదిక వచ్చిందని, కొద్ది వేలు పెడితే నెలకు లక్షలు వస్తాయని వాళ్లే చెబుతారు. ఆ దృశ్యంలో మనిషి నిజం, చీర నిజం, ముందున్న మైకులు నిజం, వెనకున్న జెండా నిజం. ఎప్పుడో జరిగిన విలేఖరుల సమావేశం తాలూకు అసలు వీడియో అది. మార్చింది రెండే: గొంతు, ముఖంలో ముక్కు కింది భాగం.

వేవ్‌టులిప్ పనితీరులోనూ ఇదే కనిపిస్తుంది. ముఖంలో కింది సగాన్ని చెరిపేసి, ఇచ్చిన శబ్దానికి సరిపోయే నోటిని తిరిగి గీయడానికి ఒక భాగం ఉంటుంది. గీసింది సరిపోయిందో లేదో చెప్పడానికి ముందే శిక్షణ పొందిన మరో భాగం ఉంటుంది. ఈ పరీక్షకుడు ఒకసారికి ఐదు ఫ్రేములు, అంటే సెకనులో ఐదో వంతు మాత్రమే చూసి తీర్పు చెబుతాడు. అంతకుముందు వాడిన పరీక్షకులు సుమారు 56 శాతం సార్లే సరిగ్గా చెప్పేవారు. ఇతను 91 శాతం దాకా చెప్పాడు. పరీక్షకుడు గట్టివాడైతే గీసేవాడు మెరుగుపడక తప్పదు. గీసిన ముఖం మాత్రం 96 పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తు. పెద్ద టీవీలో పెడితే నోటి చుట్టూ అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. ఫోన్‌లో, అదీ డేటా పొదుపు కోసం కుదించిన ఫీడ్‌లో, ఆ మసక ఎవరి కంటికీ ఆనదు. ఆ తర్వాత వచ్చిన ప్రోగ్రాంలు ఆ మసకను కూడా చాలావరకు పోగొట్టాయి.

గొంతు సంగతి ఇంకా సులువు. మూడు సెకన్ల నమూనా వింటే చాలు, ఆ గొంతును అనుకరించగలనని మైక్రోసాఫ్ట్ తయారుచేసిన ‘వాల్-ఇ’ 2023 జనవరిలోనే చూపించింది. బహిరంగ జీవితంలో ఉన్నవారి మాటలు మూడు సెకన్లేమిటి, మూడు వందల గంటలు యూట్యూబ్‌లో దొరుకుతాయి.

అందుకే బాధితుల జాబితా పొడుగ్గా ఉంది. తాను ఏ ట్రేడింగ్ యాప్‌నూ సిఫార్సు చేయలేదని ఇన్ఫోసిస్ నారాయణమూర్తి 2023 డిసెంబరులో ప్రకటించుకోవాల్సి వచ్చింది. ఒక గేమింగ్ యాప్‌ను తాను పొగుడుతున్నట్టున్న వీడియో నకిలీదని 2024 జనవరిలో సచిన్ తెందూల్కర్ చెప్పారు. తమ ఎండీ ఆశిష్‌కుమార్ చౌహాన్ ముఖంతో షేర్ల సలహాలు తిరుగుతున్నాయని ఏప్రిల్‌లో ఎన్ఎస్ఈ హెచ్చరించింది. నవంబరులో ఆర్బీఐ వంతు వచ్చింది: గవర్నర్ పేరిట పెట్టుబడి సలహాలిస్తున్న వీడియోలు నకిలీవని ప్రకటన ఇచ్చింది. ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ముఖంతో వచ్చిన వీడియోలను కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ పదేపదే ఖండిస్తూనే ఉంది. దేశంలో పెట్టుబడుల గురించి మాట్లాడే అర్హత ఎవరికి ఉందని జనం నమ్ముతారో, సరిగ్గా వాళ్ల ముఖాలనే మోసగాళ్లు ఏరుకున్నారు.

పట్టే యంత్రం ఎక్కడ తడబడుతుంది

నకిలీని యంత్రమే తయారుచేస్తున్నప్పుడు యంత్రమే పట్టలేదా అనిపించడం సహజం. 2019లో ఫేస్‌బుక్ సరిగ్గా ఈ ప్రశ్నతోనే ‘డీప్‌ఫేక్ డిటెక్షన్ చాలెంజ్’ అనే పోటీ పెట్టింది. లక్షకు పైగా వీడియోలను శిక్షణ కోసం ఇచ్చింది. రెండు వేల మందికి పైగా పాల్గొన్నారు. పోటీదారులకు తెలిసిన తరహా వీడియోల మీద 82 శాతం పైన సరిగ్గా చెప్పిన ప్రోగ్రాంలు కూడా ఉన్నాయి. అసలు పరీక్ష అంతకుముందు ఎవరూ చూడని వీడియోల మీద జరిగింది. అక్కడ ప్రథమ బహుమతి పొందిన ప్రోగ్రాం సాధించింది 65 శాతం చిల్లర.

ఈ పతనానికి కారణముంది. ప్రోగ్రాం నేర్చుకున్నది ‘అబద్ధం’ అంటే ఏమిటో కాదు, శిక్షణలో చూసిన ఫలానా అబద్ధాల లక్షణాలు. కొత్త పద్ధతిలో చేసిన నకిలీ వస్తే పాత గుర్తులు పనికిరావు. 2024లో సోషల్ మీడియాలో నిజంగా తిరిగిన డీప్‌ఫేక్‌లను సేకరించి అందుబాటులో ఉన్న ప్రోగ్రాంలను పరీక్షించినప్పుడు, ప్రయోగశాలలో అవి చూపిన సామర్థ్యంలో దాదాపు సగం ఆవిరైంది.

మనిషికి సహజమైన లక్షణాన్ని పట్టుకుని నకిలీని నిలదీద్దామన్న ప్రయత్నాలూ జరిగాయి. డీప్‌ఫేక్ ముఖాలు సరిగా రెప్ప వేయవని 2018లో అమెరికన్ పరిశోధకుడు సివే ల్యూ బృందం చూపించింది. కొద్ది నెలల్లోనే రెప్ప వేసే నకిలీలు వచ్చాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా ముఖచర్మం రంగులో కంటికి కనిపించనంత మార్పు వస్తుంది, నకిలీలో అది ఉండదు కదా అంటూ 2022లో ఇంటెల్ ‘ఫేక్‌క్యాచర్’ను తెచ్చింది. అసలు వీడియోలోని మనిషి నాడి దాని మీద చేసిన నకిలీలోకి కూడా దిగిరావచ్చని 2025లో జర్మన్ పరిశోధకులు తేల్చారు. పెదవులు మాత్రమే మార్చిన వీడియోలోనైతే నుదురు, బుగ్గపై భాగం అసలు మనిషివే. తాడిని తన్నేవాడు ఒకడుంటే వాడి తల తన్నేవాడు మరొకడు ఎప్పుడూ సిద్ధంగానే ఉన్నాడు.

సరే, రేపు 95 శాతం సరిగ్గా పట్టే యంత్రమే దొరికిందనుకుందాం. కాగితం మీద లెక్క వేద్దాం. ఒక ప్లాట్‌ఫాంకు కోటి ప్రకటనలు వచ్చాయి, వాటిలో నూటికి ఒకటి మోసం, అంటే లక్ష. యంత్రం వాటిలో 95 వేలు పడుతుంది. బాగానే ఉంది. కానీ నిజాయితీ గల 99 లక్షల ప్రకటనల్లోనూ 5 శాతాన్ని, అంటే 4 లక్షల 95 వేలను అది దొంగలని ముద్ర వేస్తుంది. మొత్తం పట్టుబడినవి 5 లక్షల 90 వేలు. అందులో అసలు దొంగలు ఆరింట ఒక వంతు కూడా లేరు. మిగతావాళ్లంతా పచ్చళ్లు, చీరలు, కోచింగ్ సెంటర్ల ప్రకటనలు ఇచ్చుకున్న చిన్న వ్యాపారులు. ప్రకటనల మీదే బతికే ఏ కంపెనీ అయినా ఇంతమందిని ఆపేకన్నా యంత్రం పట్టు సడలించడానికే మొగ్గుచూపుతుంది. సడలించిన మేరకు దొంగలు దూరిపోతారు.

ఇంకో చిక్కుంది. కృత్రిమంగా చేసిన ముఖం అయినంత మాత్రాన అది మోసం కాదు. 2021 దీపావళికి క్యాడ్‌బరీ సంస్థ షారుక్ ఖాన్‌తో ఒక ప్రకటన తీసి, ఊళ్లలోని చిన్న దుకాణాల పేర్లు ఆయన నోట పలికేలా ఏఐతో మార్చుకునే వీలు కల్పించింది. ఆయన ఒప్పుకున్నారు, దుకాణదారులు సంతోషించారు, బహుమతులు కూడా వచ్చాయి. సాంకేతికంగా చూస్తే మోసగాడి ప్రకటనకూ దీనికీ తేడా లేదు. తేడా అంతా అనుమతిలో ఉంది, ఉద్దేశంలో ఉంది. ఆ రెండూ పిక్సెళ్లలో కనిపించవు.

ఒకే లింకు, రెండు గుమ్మాలు

ప్రకటనను ప్లాట్‌ఫాం ఆమోదించే ముందు దాని లింకు ఎక్కడికి తీసుకెళుతుందో తనిఖీ చేస్తారు. మోసగాళ్లు ఇక్కడ వాడే ఉపాయాన్ని ‘క్లోకింగ్’ అంటారు. లింకును తెరుస్తున్నది ఎవరో మోసగాడి సర్వర్ ముందుగా గమనిస్తుంది. ఐపీ అడ్రసు కంపెనీ డేటా సెంటర్‌దైతే, అంటే తనిఖీ చేసే యంత్రమైతే, వంటల చిట్కాల పేజీ తెరుచుకుంటుంది. అదే లింకును సాయంత్రం ఎనిమిదింటికి హైదరాబాద్‌లో ఒకరు ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఫేస్‌బుక్ యాప్ నుంచి నొక్కితే, పేరున్న పత్రికను పోలిన నకిలీ వార్తా పేజీ తెరుచుకుంటుంది. కింద పేరు, ఫోన్ నంబరు నింపే ఫారం. తనిఖీ చేసినవాడు చూసిందీ నిజమే, మోసపోయినవాడు చూసిందీ నిజమే. ఇద్దరూ చూసింది మాత్రం వేరువేరు. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను అద్దెకిచ్చే వ్యాపారమే ఉంది. ‘లీడ్‌క్లోక్’ అనే అలాంటి ఒకదాని మీద 2020లో ఫేస్‌బుక్ కోర్టుకెళ్లింది కూడా.

ప్రకటన ఇచ్చే పేజీ సాధారణంగా మోసగాడిది కాదు. ఎప్పుడో ఎవరో నడిపిన బేకరీదో, ఫొటో స్టూడియోదో అయిన పాత పేజీని హ్యాక్ చేసి పేరు మారుస్తారు. కొన్నేళ్ల చరిత్ర ఉంటుంది గనక యంత్రానికి అనుమానం తక్కువ. ఒకే వీడియోను రంగు కొంచెం మార్చి, అంచు కొంచెం కత్తిరించి, వేగం కొంచెం పెంచి పదుల రూపాల్లో పెడతారు. తొలగించిన వీడియో మళ్లీ వస్తే గుర్తుపట్టడానికి ప్లాట్‌ఫాంలు దానికి వేలిముద్ర లాంటి ఒక సంఖ్యను భద్రపరుస్తాయి. చిన్నచిన్న మార్పులను ఆ పద్ధతి తట్టుకుంటుంది. మార్పులు పెరిగేకొద్దీ పోలిక తప్పుతుంది.

ఫారం నింపాక ఏం జరుగుతుందో 2025 మార్చిలో అంతర్జాతీయ పరిశోధనాత్మక విలేఖరుల బృందం బయటపెట్టింది. స్వీడన్ టీవీ సంస్థ ఎస్‌వీటీకి అందిన 1.9 టెరాబైట్ల అంతర్గత సమాచారం దానికి ఆధారం. జార్జియా దేశ రాజధాని టిబిలిసిలోని ఒక కాల్‌సెంటర్ ఒక్కటే ఆరు వేల మందికి పైగా నుంచి సుమారు 3.5 కోట్ల డాలర్లు రాబట్టింది. అక్కడ తేలిన ముఖ్యమైన సంగతి, ఈ పని పంపకాల మీద నడుస్తుందని. డీప్‌ఫేక్ ప్రకటన వేసేది ఒకరు, ఫోన్ చేసి మాట్లాడేది ఇంకొకరు, డబ్బు దారి మళ్లించేది మరొకరు. ప్రకటన వేసేవాడికి దొరికిన ఫోన్ నంబర్ల లెక్కన ముడుపు అందుతుంది. అతను బాధితుడితో ఒక్క మాటా మాట్లాడడు, ఒక్క రూపాయీ నేరుగా తీసుకోడు.

ఆగ్నేయాసియాలో ఇదే వ్యాపారం మరింత క్రూరంగా నడుస్తోంది. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి ఆంధ్రప్రదేశ్ యువకులను కంబోడియాకు తరలించి, అక్కడ బంధించి సైబర్ మోసాలు చేయించిన వైనం 2024 మేలో విశాఖపట్నం పోలీసుల దర్యాప్తులో వెలుగుచూసింది. తెలుగువాళ్లను తెలుగులో మోసగించడానికి తెలుగువాళ్లే కావాలి మరి. ప్రకటన మీద క్లిక్ చేసినవారు, అవతల ఫోన్ పట్టుకుని కూర్చున్నవారు ఇద్దరూ ఒక్కోసారి బాధితులే.

ఈ గొలుసును ఏ చివర లాగినా పోలీసులకు దొరికేది ఒక ముక్కే. సర్వర్ ఒక దేశంలో, కాల్‌సెంటర్ మరో దేశంలో, బ్యాంకు ఖాతా కమీషన్‌కు ఇచ్చిన ఎవరో కూలీ మనిషిది. 2024లో మన దేశంలో సైబర్ మోసాలకు పోయిన సొమ్ము 22,845 కోట్ల రూపాయలని కేంద్ర హోంశాఖ పార్లమెంటుకు చెప్పింది. అంతకుముందు ఏడాది అది 7,465 కోట్లు. ఇదంతా డీప్‌ఫేక్ ప్రకటనల వల్ల పోయిందే కాదు. పెట్టుబడి పేరిట జరిగే మోసాలకు మాత్రం చాలాసార్లు తొలి మెట్టు ఇలాంటి ప్రకటనే.

ఆ ప్రకటనకు డబ్బు అందుకున్నదెవరు

ఈ గొలుసులో ఒక్క కొక్కెం మాత్రం ఎప్పుడూ పేరున్న, చిరునామా ఉన్న, పన్నులు కట్టే సంస్థదే. ప్రకటన అన్నది ఎవరో ఊరికే పెట్టిన పోస్టు కాదు. ఎవరో డబ్బు కట్టారు, ఎవరో తీసుకున్నారు, ఎవరికి చూపాలో ఎంచి మరీ చూపారు. బిల్లు ఉంటుంది, కార్డు నంబరు ఉంటుంది, తేదీ, సమయం ఉంటాయి.

2025 నవంబరులో రాయిటర్స్ వార్తాసంస్థ ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా అంతర్గత పత్రాలను బయటపెట్టింది. 2024 ఆదాయంలో దాదాపు 10 శాతం, అంటే సుమారు 1,600 కోట్ల డాలర్లు, మోసాలు, నిషిద్ధ వస్తువుల ప్రకటనల నుంచే రావచ్చని ఆ కంపెనీ లోపల అంచనా వేసుకుంది. మోసమై ఉండే అవకాశం ఎక్కువని తన యంత్రాలే అనుమానించిన ప్రకటనలు రోజుకు 1,500 కోట్ల సార్లు జనం కంటపడుతున్నాయని మరో పత్రం లెక్కగట్టింది. ప్రకటనదారు మోసగాడని యంత్రానికి 95 శాతం నమ్మకం కుదిరితేనే నిషేధం. అంతకు తక్కువైతే అతని దగ్గర ఎక్కువ రేటు వసూలు చేయడం పద్ధతి. రేటు పెంచితే మోసగాడు వెనక్కి తగ్గుతాడన్నది కంపెనీ తర్కం. తగ్గకపోతే ఆ పెరిగిన రేటు కూడా కంపెనీ ఖాతాలోకే. పైగా ఇలాంటి ప్రకటన మీద ఒకసారి నొక్కినవారికి, ఆసక్తి ఉందనుకుని సిస్టం అలాంటివే మరిన్ని చూపిస్తుంది.

మెటా ఈ అంచనాలను ఒప్పుకోలేదు. అవి ఉజ్జాయింపు లెక్కలనీ, తప్పుకాని ప్రకటనలను కూడా కలిపేసుకున్నవనీ అంది. ఏడాదిన్నరలో మోసపు ప్రకటనల మీద వినియోగదారుల ఫిర్యాదులు 58 శాతం తగ్గాయనీ, 2025లో అప్పటికే 13.4 కోట్లకు పైగా తొలగించామనీ చెప్పింది. ఆ మాటలను పూర్తిగా లెక్కలోకి తీసుకున్నా ఒక ప్రశ్న మిగులుతుంది. 95 శాతం అన్న గీతను ఎక్కడ గీయాలన్నది సాంకేతిక నిర్ణయమా, వ్యాపార నిర్ణయమా? పైన వేసుకున్న లెక్క చెప్పేది ఇదే. గీత కిందికి జరిపితే నిజాయితీ గల ప్రకటనదారులు నష్టపోతారు, పైకి జరిపితే చూసేవారు నష్టపోతారు. ఆ గీత గీసే కలం ఇప్పటివరకు, నిజాయితీ గల ప్రకటనదారుల నుంచీ, మోసగాళ్ల నుంచీ ఆదాయం వచ్చే వాడి చేతిలో ఉంది.

చట్టం ఎటు చూస్తోంది

మన ఐటీ చట్టంలోని 79వ సెక్షన్ సోషల్ మీడియా సంస్థలకు రక్షణ కవచం. ఇతరులు పెట్టిన విషయానికి మధ్యవర్తి బాధ్యుడు కాడని దాని సారాంశం. ఆ రక్షణకు ఉన్న షరతుల్లో ఒకదాన్ని జాగ్రత్తగా చదవాలి. సమాచారాన్ని ఎవరు అందుకోవాలో మధ్యవర్తి తానుగా ఎంపిక చేయకూడదని అది అంటుంది. మిత్రుడి పోస్టు విషయంలో ఇది సరిపోవచ్చు. ప్రకటన విషయంలో, ఫలానా వయసువారికి, ఫలానా ఊరివారికి, డబ్బు మీద ఆసక్తి చూపినవారికి చూపించడమే కదా ఆ కంపెనీలు అమ్ముతున్న సరుకు! డబ్బు తీసుకుని చూపిన ప్రకటనకు కూడా అదే కవచం వర్తించాలా అన్నది మన కోర్టులు, పార్లమెంటు తేల్చాల్సిన అంశం. ఇలాంటి వాదనే అమెరికాలో కొంత ముందుకు సాగింది. తన ముఖంతో వచ్చిన మోసపు ప్రకటనల మీద ఆస్ట్రేలియా గనుల వ్యాపారి ఆండ్రూ ఫారెస్ట్ మెటాపై వేసిన దావాను కొట్టివేయడానికి 2024 జూన్‌లో కాలిఫోర్నియా ఫెడరల్ జడ్జి ఒప్పుకోలేదు.

మన దగ్గర ఇప్పటివరకు పోరాటం ఎక్కువగా ముఖం చుట్టూనే తిరిగింది. 2025 సెప్టెంబరులో నటుడు నాగార్జున ఢిల్లీ హైకోర్టు నుంచి, చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు నుంచి తమ పేరు, రూపం, గొంతులను అనుమతి లేకుండా వాడకూడదన్న ఆదేశాలు తెచ్చుకున్నారు. అవి అవసరమే. కానీ కోర్టుకు వెళ్లగలిగేది తారలే. ఒక లింకును తీసేసేలోగా పది లింకులు పుట్టుకొస్తాయి.

2026 ఫిబ్రవరి 20 నుంచి అమల్లోకి వచ్చిన ఐటీ నిబంధనల సవరణ మరో అడుగు. కృత్రిమంగా చేసిన దృశ్యాలకు, శబ్దాలకు ఆ సంగతి తెలిపే గుర్తు ఉండాలి. ప్రభుత్వం లేదా కోర్టు తొలగించమంటే ఇదివరకటి 36 గంటల బదులు 3 గంటల్లో తొలగించాలి. అప్‌లోడ్ చేసేవారు అది కృత్రిమమో కాదో చెప్పాలి, పెద్ద ప్లాట్‌ఫాంలు ఆ మాటను పరీక్షించాలి. చట్టానికి భయపడేవారు గుర్తు పెడతారు. మోసగాడు పెట్టడు. పరీక్షించే భారం మళ్లీ మనం చూసిన ఆ తడబడే యంత్రం మీదికే వస్తుంది. ఇక మూడు గంటలంటే తక్కువ సమయమనిపిస్తుంది గానీ, ఫిర్యాదు అధికారుల దాకా వెళ్లి, ఆదేశం వచ్చాకే ఆ గడియారం మొదలవుతుంది. డబ్బు పెట్టి నడిపే ప్రకటన ఈలోగా లక్షలమందిని చేరిపోతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

ముఖాన్ని వదిలి, డబ్బు కట్టినవాడి వైపు చూసిన చోట ఫలితాలు వేరుగా ఉన్నాయి. ఆర్థిక సేవల ప్రకటనలు ఇవ్వాలంటే నియంత్రణ సంస్థ అనుమతి చూపించాలని 2021 సెప్టెంబరులో గూగుల్ బ్రిటన్‌లో షరతు పెట్టింది. ప్రముఖుల రూపాలతో మోసగించే ప్రకటనలకు కారణమైన ఏడు లక్షలకు పైగా ప్రకటనదారుల ఖాతాలను మూసేశామనీ, దాంతో అలాంటి ప్రకటనలపై ఫిర్యాదులు 90 శాతం తగ్గాయనీ 2024 సంవత్సరానికి ఇచ్చిన నివేదికలో ఆ కంపెనీయే చెప్పుకుంది. ఒక్కొక్క వీడియోను కాక ఖాతాను పట్టుకోవడం వల్ల వచ్చిన తేడా ఇది. తైవాన్ 2024 జులైలో చట్టం చేసి, ప్రకటనకు డబ్బు కట్టినదెవరో నిర్ధారించి బయటికి చూపించాలంది. పాటించనందుకు మెటాకు జరిమానా కూడా వేసింది. ఆర్థిక మోసం గురించి చెప్పినా తొలగించని ప్లాట్‌ఫాం, బాధితుడికి బ్యాంకు చెల్లించిన పరిహారాన్ని భరించేలా ఐరోపా సమాఖ్య 2025 నవంబరులో ఒక అంగీకారానికి వచ్చింది.

మన దగ్గర ఈ దారిలో ముందడుగు వేసింది షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ. షేర్లు, పెట్టుబడుల ప్రకటనలిచ్చే తన రిజిస్టర్డ్ సంస్థలు సెబీ దగ్గర నమోదైన ఈమెయిల్, ఫోన్ నంబర్లతోనే గూగుల్, మెటాల్లో ఖాతాలు నిర్ధారించుకోవాలని 2025 మార్చిలో చెప్పింది. ఆ ఏడాది మధ్యలో మెటా కూడా భారత్‌లో ఈ తరహా ప్రకటనలకు తనిఖీ మొదలుపెట్టింది.

అయితే ఇందులో ఒక కన్నం ఉంది. తనిఖీ వర్తించేది పెట్టుబడి ప్రకటన అని తేలినదానికే. మోసగాడు తన ప్రకటనను వార్త అంటాడు, ఆట అంటాడు, కీళ్లనొప్పుల మందు అంటాడు. పేరున్న వైద్యుల ముఖాలతో మందులమ్మే నకిలీలు ఇప్పటికే ఉన్నాయి. ఒక్క దేశంలో తలుపు బిగిస్తే ఏమవుతుందో తైవాన్ అనుభవమే చెబుతుంది. అక్కడ ఆగిన ప్రకటనలు వేరే దేశాల ఫీడ్లలోకి మళ్లాయని రాయిటర్స్ చూసిన పత్రాలు చెబుతున్నాయి. కాబట్టి ఏ రకం ప్రకటనకైనా డబ్బు కట్టేవాడెవరో ముందే నిర్ధారించాలి.

దీనివల్ల చిన్న వ్యాపారికి కష్టం కాదా అనవచ్చు. సిమ్ కార్డుకు, బ్యాంకు ఖాతాకు గుర్తింపు చూపించడం మన దేశంలో ఎవరికీ కొత్త కాదు. లక్షలమందికి సందేశం చేర్చే సాధనానికి మాత్రమే అది అక్కర్లేదనడంలో అర్థం లేదు. బ్యాంకు ఖాతాల్లాగే నిర్ధారణ అయిన ప్రకటనల ఖాతాలను కూడా అద్దెకిచ్చేవాళ్లు పుట్టుకొస్తారన్నది నిజమే. అయినా అప్పుడు పోలీసుల చేతిలో ఒక అసలు పేరు ఉంటుంది. మోసగాడికి ఒక్కో ఖాతా ఖరీదు పెరుగుతుంది. ఈ వ్యాపారం నడిచేదే ప్రకటన ఖర్చు తక్కువ, రాబడి ఎక్కువ కావడం వల్ల.

సాక్ష్యం సంగతి కూడా చూడాలి. మెటా ‘యాడ్ లైబ్రరీ’లో మన దేశపు సాధారణ ప్రకటనలు నడుస్తున్నంతసేపే కనిపిస్తాయి. ఆగిపోతే మాయం. డబ్బు పోయిన వ్యక్తి వారం తర్వాత పోలీస్ స్టేషన్‌కు వెళ్లేసరికి చూపించడానికి ప్రకటనే ఉండదు. ఐరోపా చట్టం ప్రకారం చివరిసారి చూపించాక కూడా ఏడాది పాటు దాన్ని అందరికీ అందుబాటులో ఉంచాలి. ఈ ఒక్క నియమం మన దగ్గరికి తేవడానికి కొత్త సాంకేతికత ఏమీ అక్కర్లేదు.

ఈలోగా మన చేతిలో ఉన్నవి

ఇలాంటి ప్రకటన కనిపిస్తే ముఖం వైపు తదేకంగా చూసి ప్రయోజనం లేదు. పెదవులు కలిశాయా అన్న పరీక్ష కొత్త నకిలీల ముందు తేలిపోతోంది. దాని బదులు ప్రకటన ఇచ్చిన పేజీ పేరు మీద నొక్కి, ‘పేజ్ ట్రాన్స్‌పరెన్సీ’లో పాత పేర్లేమిటో, ఏ దేశం నుంచి నడుపుతున్నారో చూడాలి. మంత్రి చెప్పిన పథకాన్ని ఎక్కడో పరాయి దేశంలోని ఒకప్పటి బేకరీ పేజీ ప్రచారం చేస్తుంటే ఇంకేం చూడనక్కర్లేదు. షేర్ల వ్యవహారమైతే డబ్బు పంపే ముందు ‘సెబీ చెక్’ అనే సేవలో ఆ ఖాతా సరైనదో కాదో తెలుసుకోవచ్చు. 2025 అక్టోబరు నుంచి నమోదైన బ్రోకర్లకు, మ్యూచువల్ ఫండ్లకు ‘@వ్యాలిడ్’ అని ఉండే ప్రత్యేక యూపీఐ చిరునామాలు వచ్చాయి. ప్రకటన కనిపించగానే పేజీ పేరు, లింకు పడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవడం మంచిది. డబ్బు పోతే మొహమాటపడకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఖాతాల మీదుగా సొమ్ము చేతులు మారకముందే చెబితే ఆపగలిగే అవకాశం ఎక్కువ.

కానీ ఈ జాగ్రత్తలన్నీ చూసేవారి నెత్తిన పెట్టి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. పండిత పరిశోధకుల యంత్రాలే తడబడుతున్న చోట పెన్షన్ డబ్బు దాచుకున్న పెద్దాయన నకిలీని పట్టాలని ఆశించడం అత్యాశ. ఎన్ని కోట్ల ప్రకటనలు తొలగించామన్న లెక్క ప్రతి కంపెనీ ఏటా గర్వంగా విడుదల చేస్తుంది. నియంత్రణ సంస్థలు అడగాల్సింది వేరే లెక్క: తొలగించిన ఆ ప్రకటనల మీద అప్పటికే వసూలు చేసిన సొమ్మెంత, అది ఎవరి దగ్గర ఉంది, మోసపోయినవారికి అందులో ఎంత చేరింది? ఆ లెక్క ఏటా ప్రకటించడం తప్పనిసరి అయిన రోజు, 95 శాతం దగ్గర గీసిన గీత ఎవరూ బలవంతపెట్టకుండానే కిందికి జరుగుతుంది.